మగ్గం చప్పుడు, మూడు ఫైళ్లు

మా పాపకి జోలపాట పనికిరాదు. మగ్గం చప్పుడు కావాలి.

పురిటికి పెడన వెళ్లి ఐదో నెల దాకా పుట్టింట్లోనే ఉన్నాను. నాన్న మగ్గం నేసే గదిలోనే చీరతో ఉయ్యాల కట్టారు. ఆయన నేస్తున్నంతసేపూ పాప పడుకునేది, భోజనానికి లేస్తే అదీ లేచేది. విజయవాడ వచ్చాక మా రెండు గదుల వాటాలో పగటిపూట కన్ను మూస్తే ఒట్టు. నిద్ర చాలక పిల్ల బుర్ర ఎదగదేమోనని నా భయం. అప్పట్లో నేను భయపడని విషయమంటూ లేదు.

మావారి ఆఫీసులో ఒకరి దగ్గర మైకున్న చిన్న ప్లేయర్ అడిగి తెప్పించుకుని, పెడన వెళ్లి మగ్గం చప్పుడు రికార్డు చేసుకొచ్చాను. అది శబ్దాన్ని కుదించకుండా ఉన్నదున్నట్టు దాచే వేవ్ ఫైలు. అరగంటకే ప్లేయర్ నిండిపోయింది. సీడీ చేయించడానికి నెట్ సెంటర్‌కి వెళ్లాను.

“ఎంపీత్రీ చేయించుకోండి మేడమ్, ఇప్పుడంతా అదే. ఒక్క సీడీలో నూటయాభై పాటలు పడతాయి,” అన్నాడు కౌంటర్లో ఆయన.

“నాకు ఒక్కటే కావాలండి.”

“ఏం పాటండి?”

“మగ్గం.”

ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి ప్లేయర్ అందుకున్నాడు.

మనిషి చెవికి అందదనుకున్న శబ్దాన్ని ఎంపీత్రీ తీసి పారేస్తుందని ఎక్కడో చదివాను. పాపని నిద్రపుచ్చేది ఆ పారేసిన ముక్కే అయితే? బీయస్సీ కంప్యూటర్స్ చదివినదాన్ని, ఊరుకుంటానా! వేవ్, కొంచెం కుదించిన పెద్ద ఎంపీత్రీ, బాగా కుదించిన చిన్న ఎంపీత్రీ, డబ్ల్యూఎంఏ అన్నీ చేయించాను. డబ్ల్యూఎంఏని మా డీవీడీ ప్లేయర్ గుర్తే పట్టలేదు. మిగిలిన మూడింటికీ నోటుబుక్కులో గళ్లు గీసి వారం రోజులు పరీక్ష పెట్టాను. వేవ్: ఏడ్చింది. పెద్ద ఎంపీత్రీ: ఏడ్చింది. చిన్న ఎంపీత్రీ: ఏడ్చి, పాలు కక్కింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేనూ విని, చిన్నదాంట్లో మగ్గం దెబ్బ నీళ్లలో పడ్డట్టుందని కూడా రాసుకున్నాను. హెడ్‌ఫోన్స్ తీశాక కుక్కర్ విజిల్ కూడా నీళ్లలోంచే వచ్చింది.

“పరీక్ష పాపకా, నీకా? ఇద్దరూ తప్పేట్టున్నారు,” అన్నారు మావారు.

ఆదివారం నాన్న మనవరాల్ని చూడ్డానికి వచ్చాడు. కూర్చోబెట్టి మూడూ వినిపించాను.

“ఏది బాగుంది నాన్నా?”

“మూడూ ఒకటేగా అమ్మాయ్. అయినా ఇది నా నేత కాదు.”

“నా కళ్లముందు నేసింది నువ్వే కదా!”

“నేసింది నేనేలే. నా ముందు మిషను పెట్టావుగా. నలుగురూ వింటారని గబగబా లాగించా. రోజూ అట్టా నేస్తే నా నడుం ఉంటదా? పిల్ల జడుసుకోక ఏం చేస్తది?”

మావారు వంటింట్లోకి వెళ్లి నవ్వుకున్నారు. మామగారి ఎదుట మర్యాద కాదుగా.

మళ్లీ పెడన వెళ్లాను. ఈసారి నాన్నకి చెప్పకుండా ప్లేయర్ కిటికీలో పెట్టి, అన్నిటికన్నా చిన్న ఎంపీత్రీలోనే గంటన్నర రికార్డు చేశాను. నిదానంగా పడే దెబ్బలు, నడుమ దగ్గు, టీ కోసం అమ్మని కేకలు, అన్నీ పడ్డాయి.

మర్నాడు మధ్యాహ్నం అది పెడితే పది నిమిషాల్లో పాప పడుకుంది. ఒకచోట పోగు తెగి మగ్గం ఆగిపోయింది. నేను గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. పాప కదల్లేదు. నాన్న పోగు కలిపి మళ్లీ మొదలుపెట్టేదాకా నాకే కాలు నిలవలేదు.