చర్చి పక్క తలుపు

ఇప్పటికీ మిరపకాయల లారీ మా వీధిలోంచి చిలకలూరిపేట రోడ్డెక్కితే ఆ ఘాటుకు దగ్గొస్తుంది, దగ్గుతో పాటే మా నాయనమ్మ మరియమ్మ కళ్ల ముందుకొస్తుంది. నాకు రాయడం రాదు, నేను చెబుతుంటే కోడలు రాస్తోంది.

మాఘం ఎండలకు కల్లం నిండా కాయలు ఎండుతుంటే పిల్లలం కుప్పల వెనక దాగుడుమూతలాడేవాళ్లం. ఎవరికి ముందు తుమ్మొస్తే వాళ్లే దొంగ. అమ్మావాళ్లు తొడిమలు తీసి తీసి మంటెత్తిన చేతులకు పుల్లమజ్జిగ రాసుకుని మాకు చద్దన్నం కలిపి పెడితే, పచ్చడి లేకపోయినా ముద్దలో కారం ఉండేది.

ఆ కుప్పల మధ్య నన్ను భుజానెక్కించుకుని తిప్పినవాడు మా నాన్న తమ్ముడు, ఏసుదాసు బాబాయి. కూలి పెంచమని పార్టీ జెండా పట్టాడు. ఆ గొడవల్లో ఒక ఆసామి చచ్చిపోయాడు. బాబాయి చెయ్యి ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు. కోర్టు ఉరిశిక్ష వేసింది.

ఒంగోలు నుంచి పౌరహక్కుల సంఘంవాళ్లు ఇద్దరొచ్చి, రాజకీయ ఖైదీలను ఉరి తీయొద్దని ఊరూరా తిరుగుతున్నామనీ, సొంతూరి జనం వేలిముద్రలేస్తే ఢిల్లీలో క్షమాభిక్షకు బలమనీ చెప్పి కాగితాలిచ్చిపోయారు. నాయనమ్మ కల్లం కల్లం తిరిగింది.

"వేస్తాం పెద్దమ్మా, ఏసుదాసు మా బిడ్డ కాడా? గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో అందరం కలిసే వేస్తాం," అన్నారు కూలికెళ్లే మా పేట జనం. చర్చి పెద్ద శామ్యూలు తాత కూడా సరేనన్నాడు.

ఈలోగా ఆసాములు కబురు పెట్టారు, ముద్ర వేసినవాళ్లు మిరప కోతకు రానక్కర్లేదని. ఆ సంగతి నాయనమ్మకు తప్ప పేటంతటికీ తెలుసు.

మా చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు ప్రభువు శ్రమలు చదివేటప్పుడు, సిలువ వేయమని కేకలేసిన గుంపు మాటలు జనమంతా కలిసి పలకాలి. ఆ రోజు కూడా తెల్లచీరల ఆడవాళ్లు గొంతెత్తి పలికి, ఆ వెంటనే కొంగులు తడిసేలా ఏడ్చారు. ఆరాధన కాగానే నాయనమ్మ సిరా డబ్బా పట్టుకుని పెద్ద గుమ్మంలో నిలబడింది.

శామ్యూలు తాత గొంతు సవరించుకున్నాడు. "మరియమ్మా, ఇది దేవుడి ఇల్లు. ఇక్కడ రాజకీయాలొద్దు."

జనం పక్క తలుపు వైపు కదిలారు. అందరికంటే ముందు మా నాన్న.

"ఒరేయ్ పెద్దోడా, వాడు నీ తమ్ముడురా," అంది నాయనమ్మ.

"ముద్రేస్తే కోతకు రానివ్వరంట. నాకూ పిల్లలున్నారమ్మా," అన్నాడు నాన్న, వెనక్కి తిరక్కుండానే.

"పొండి. ఎప్పుడో పోయినోడి కోసం ఏడిస్తే కూలి పోదుగా. బతికున్నోడి కోసం ఒక్క వేలడిగా," అంది నాయనమ్మ.

నేను నా వేలు చాపాను. "నీది చెల్లదే తల్లీ," అంటూనే సిరా అద్ది వేయించింది. ఆ కాగితం మీద పడ్డవి మా ఇద్దరి ముద్రలే.

ఊరు కాని ఊళ్ల జనం కొట్లాడితే ఉరి యావజ్జీవమైంది. ఏళ్ల తరవాత బాబాయి విడుదలై వచ్చేసరికి నాయనమ్మ లేదు. శామ్యూలు తాత దండ తెచ్చి, "పేటంతా నీకోసం నిలబడిందిరా అబ్బాయ్," అన్నాడు. బాబాయి నమ్మాడు. చేతులెత్తి ఒక్కొక్కరికీ దండం పెట్టాడు. నాన్న కూడా ఆ దండం అందుకున్నాడు.

ఆ కల్లాలిప్పుడు ప్లాట్లయ్యాయి, కాయలు కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి, తుమ్మి దొరికిపోయే పిల్లలు లేరు. నాన్న, బాబాయి, మా ఆయన, అందరూ ఒకే సమాధుల తోటలో పడుకున్నారు. గుడ్ ఫ్రైడే చదువు మాత్రం అలాగే ఉంది. గుంపు మాటలొచ్చినప్పుడు నేను నోరు తెరవను. చదువు రాక అనుకుని, పక్కనున్నామె పుస్తకం నా ముందుకు జరిపి, ఆ వరస మీద వేలు పెట్టి చూపిస్తుంది.