అరల్లో పరిచిన కాగితాలు

ఆఫీసులో అందరూ ఆమెను ఇస్త్రీ మేడమ్ అనేవారు. ఒక మహాగ్రహం చుట్టూ తిరిగే వ్యోమనౌక పంపే కణాల లెక్కల్లో చెత్త ఏరడం ఆమె పని. నౌకలో కణాలను లెక్కపెట్టే యంత్రాలు, కౌంటర్లు, మూడు; ఆమె బల్ల మీద మూడు దొంతరల కాగితాలు. ఒక దొంతర ముగించి కట్టేశాకే ఇంకోటి విప్పేది. కాగితం మీద లెక్కను చూపే గీత ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచిందంటే యంత్రానికి తిక్క పుట్టిందనుకుని ఎర్ర పెన్సిలుతో కొట్టేసేది. ఆమె చేయి పడ్డ గీతలో మడత మిగిలేది కాదు. ఇరవై ఆరేళ్లు ఇదే వరస.

ఆ కౌంటర్లు తయారుచేసింది ఆమె సొంత అన్న. ఆయనది ఒకటే పాట. ఆ గ్రహపు అయస్కాంత క్షేత్రం సూర్యుడికి అవతలివైపు తోకలా సాగుతుందనీ, సాగి సాగి రబ్బరుబ్యాండులా తెగుతుందనీ, తెగినప్పుడల్లా కణాలను విపరీతమైన వేగంతో విసిరికొడుతుందనీ. ఆఫీసులో పెద్దలు ఆధారం చూపమన్నారు. ఆధారం దొరికితే చెల్లెలు శుభ్రం చేసిన లెక్కల్లోనే దొరకాలి. మంచం పట్టాక కూడా ఆయనకు అదే ధ్యాస.

"ఒక్కటైనా లేదామ్మా?" అని అడిగాడు.

"అన్నీ నేనే చూశానన్నయ్యా. ఒక్కటీ లేదు."

ఆయన మొహం వాడిపోయింది. కానీ లేనిదాన్ని ఉందని ఆమె ఎలా చెబుతుంది?

ఆయన పోయిన రెండు నెలలకు వదిన ఇల్లు మారుతుంటే సర్దడానికి వెళ్లింది. వంటింటి అరల నిండా పరిచినవి ఆఫీసు కాగితాలే. పని అయిపోయినవాటిని వదినకు తానే తెచ్చి ఇచ్చేది. అన్నగారు మంచినీళ్లకైనా వంటింటి గడప తొక్కే రకం కాదు.

డబ్బాలు దించి చూస్తే పై అరలో మూడు కౌంటర్ల కాగితాలూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకే రోజువి. మూడింటిలోనూ ఒకే నిమిషం దగ్గర తన ఎర్ర గీత. ఒక యంత్రానికి తిక్క పుట్టవచ్చు, మూడింటికీ ఒకేసారి పుట్టదు. గబగబా కింది అర ఖాళీ చేసింది. అక్కడా అంతే. అక్కడే నేల మీద కూలబడింది.

"అన్నయ్య చెప్పింది నిజమే వదినా. కొట్టేసింది నేను."

ఆ కాగితాల సంగతంతా వెక్కుతూనే విడమరిచి చెప్పింది. వదిన చేతిలోని డబ్బా పక్కన పెట్టి, వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. చివరి వారంలో ఆయన తన నోటుపుస్తకాలన్నీ దగ్గరుండి చింపించేశాడట.

"ఎందుకండీ అంటే, మా చెల్లి చూసి లేదందంటే ఇక లేనట్టే అన్నారు."