ఫోర్ పోల్స్ వాళ్ళ పాట

పోయిన నెల భూపాలపల్లిలో మా అక్క వాళ్ళింటికి వెళ్ళి చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నానో లేదో, మా మేనల్లుడు ఫోన్ తెచ్చి నా ముక్కు ముందు పెట్టాడు. తొంభైలలో పేరు తెచ్చుకుని ఇప్పటికీ జనం మరిచిపోని రాక్ బ్యాండ్లు అని ఎవరో పెద్ద జాబితా రాశారట. వాడు దాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వేలితో తోసి తోసి, "మామా, అందరున్నరు గని మన ఫోర్ పోల్స్ వాళ్ళు లేరేంది?" అన్నాడు. చాయ్ వేడిగా ఉన్నట్టు నటించి కాసేపు ఊదుకున్నాను. ఎట్లా ఉంటారు? ఆ బ్యాండును పుట్టించింది నేనే. అది కూడా ఇంగ్లండులో కాదు, లింగాల ఘనపూర్‌లో ఒక పెళ్ళి పందిరి ముందర, టెంట్ హౌస్ వాళ్ళు నాలుగు ఇనుప పోల్స్ భుజాన వేసుకుని పోతుంటే చూసి.

సంగతి అక్కడితో ఆగితే బాగుండేది. మేనల్లుడికి పెళ్ళి కుదిరింది. పిల్లది మానుకోట దగ్గర. మహబూబాబాద్‌ను మా వైపు మాటల్లో మానుకోట అనే అంటాం. పొద్దున చర్చిలో పెళ్ళి, భోజనాలయ్యాక బరాత్, అంటే ఊరేగింపు. ఆ బరాత్‌లో ఫోర్ పోల్స్ పాట మేమే వాయించాలని వాడి పట్టు. మేమే అంటే, వాళ్ళ నాయిన, నేను, నా దోస్తు. వాళ్ళ నాయిన, అంటే మా బావ, తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడడు. "నువ్వే పెట్టినవ్, నువ్వే తియ్" అని ఆ చూపుకు అర్థం. అది నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు.

తొంభైలలో మేము జనగామలో రాక్ బ్యాండు పెట్టాం. పేరు అడగకండి, బోర్డు రాసినాయన అందులో రెండక్షరాలు మింగేశాడు, మేమూ అట్లాగే ఉంచేశాం. బావ చర్చిలో గిటారు నేర్చుకున్నాడు. నావి డ్రమ్ములు, అందులో ఒకటి నూనె డబ్బా. పాడేవాడు దోస్తు. మానుకోట దగ్గరి లంబాడీ తండావాడు, జనగామలో నాతో చదువుకున్నాడు, నాకన్నా ఏడాది చిన్న కాబట్టి నన్ను అన్న అనేవాడు. మా యాంప్లిఫయర్ ఆన్ చేస్తే మూడు ఊళ్ళలో బర్రెలు పాలివ్వడం మానేసేవని చెప్పుకునేవారు. అది ఉత్త మాట. రెండే బర్రెలు, అవీ ఒకే ఇంటివి.

మా వైపు బరాత్‌కు ఒక పద్ధతి ఉంది. ఆడేవాళ్ళు వాయించేవాళ్ళ చుట్టూ గుండ్రంగా కమ్ముకుంటారు. వాళ్ళ కాళ్ళు అలిసేదాకా ఆ గుండ్రం విడదు, లోపలున్నవాడు లోపలే. నీళ్ళు కావాలన్నా తలల మీదుగా చెంబు రావలసిందే. మేము వాయించిన మొదటి పెళ్ళి ఘనపూర్‌లో. మాకు వచ్చినవి నాలుగు సినిమా పాటలు. నాలుగూ మూడేసి సార్లు అయ్యాయి. మళ్ళీ మొదటిది అందుకోబోతే పెళ్ళికొడుకు మేనమామ, లెక్కల సారు, గిటారు తీగలను గుప్పిట్లో పట్టుకుని, "కొత్తది ఉంటె వాయించున్రి, లేకుంటె గీడనే కూసోన్రి" అన్నాడు. మా చుట్టూ నాలుగు వరసల జనం. అప్పుడు దోస్తు మైకును పెదవులకు ఆనించి ఏదో ఎత్తుకున్నాడు. అందులో మాటలు తక్కువ. అన్నీ కూతలు, ఈలలు, నాలుకతో కొట్టే టకటకలు, మధ్యమధ్య చప్పట్లు. బావ వెంటనే తీగలు అందుకున్నాడు, నేను నూనె డబ్బా అందుకున్నాను. ఆ గుండ్రానికి పిచ్చెక్కింది. ఆడి ఆడి ఒకాయన చెప్పులు తెగితే వాటిని చేతికి తొడుక్కుని ఆడాడు.

పాట అయ్యాక లెక్కల సారు చెమట తుడుచుకుంటూ, "ఏం పాట తమ్మీ గిది? ఎన్నడు వినలే" అని దోస్తును అడిగాడు. అది వాడి అమ్మ మిరప చేలల్లో కాయలు ఏరుతూ తనకు తానే కట్టుకున్న పాట. వాడు నోరు తెరిచేలోపు నేను తెరిచాను. మిరప చేలో పాట అంటే మేము చిన్నబోతామనుకున్నానో, నా నాలుక గుణమే అంతో. "ఇంగ్లండ్ పాట సార్. ఆడ గొప్ప రాక్ బ్యాండు" అన్నాను. ఆయన లెక్కల సారు కదా, అంతటితో వదలడు. "ఏం బ్యాండు?" సరిగ్గా అప్పుడే టెంట్ హౌస్ వాళ్ళ నాలుగు పోల్స్ మా ముందు నుంచి వెళ్ళాయి.

తరవాత ఒక్కో పెళ్ళికి ఆ నలుగురూ పెరిగారు. నేను వాళ్ళకు నడుము దాకా జుట్టు పెంచాను. ఒకడికి నీళ్ళంటే భయం పెట్టాను. డ్రమ్ములాయననూ గిటారాయననూ బావమరుదులను చేశాను. వాళ్ళు తిట్టుకుని విడిపోయారని మొగుళ్లపల్లిలో చెబితే ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. మరుసటి ఎండాకాలం అదే ఊళ్ళో ఇంకో పెళ్ళికి వెళ్ళి, ఆయనను వెతికి పట్టుకుని, వాళ్ళు కలిశారని చెప్పేదాకా నాకు అన్నం సయించలేదు. ఇవన్నీ నాకు సరదాగానే ఉండేవి, కొడకండ్ల పెళ్ళి దాకా. అక్కడ ఒక పెద్దమనిషి, ఈ పాట తాను హైదరాబాద్‌లో క్యాసెట్టులో విన్నాననీ, అసలువాళ్ళు ఇంతకన్నా జోరుగా పాడారనీ అందరి ముందూ చెప్పాడు. ఆ రోజు మొదటిసారి భయం వేసింది. నా అబద్ధానికి సాక్షి దొరికాడు. ఇక నేను పీకుదామన్నా అది ఊడి రాదు.

ఒక నియమం మాత్రం పెట్టుకున్నాం, మానుకోట వైపు పెళ్ళిళ్ళు ఒప్పుకోకూడదని. అక్కడి చేలల్లో చాలామంది ఆడవాళ్ళకు ఆ పాట ఎవరిదో తెలుసు.

పదేళ్ళకు బ్యాండు ఆగిపోయింది. బావ బొగ్గు గనిలో ఉద్యోగానికి భూపాలపల్లి వెళ్ళాడు, దోస్తు బడిపంతులయ్యాడు, నేను జనగామలో మైకు సెట్ల దుకాణం పెట్టుకున్నాను. పాట మాత్రం ఆగలేదు. బాజా వాళ్ళు ఎత్తుకున్నారు, తరవాత డీజే వాళ్ళు ఎత్తుకున్నారు. మేము ఏ పెళ్ళికి అతిథులుగా వెళ్ళినా, చెయ్యి కడుక్కునేలోపు గుండ్రం మా చుట్టూ మూసుకునేది. దోస్తు జ్వరమొచ్చి దవాఖానకు పోతే, సూది పట్టుకున్నాయన సూది పక్కన పెట్టి, "ఫోర్ పోల్స్ పాడేది నువ్వే గదా సారు, జర రెండు ముక్కలు" అన్నాడట. మొదట్లో ఇవన్నీ చెప్పుకుని వాడు నాకన్నా ఎక్కువ నవ్వేవాడు. ఏ ఏడు నుంచి నవ్వడం మానేశాడో నేను గమనించలేదు.

ఒక రోజు దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చుని, "అన్నా, పెండ్లిళ్ళల్ల నువ్వు ఏం పాడుతవ్ రా అని మా యాడి అడిగింది" అన్నాడు. యాడి అంటే వాళ్ళ ఇంటి భాషలో అమ్మ.

"చెప్పలేదా?"

"ఏమని చెప్పాలె? నీ పాటను ఇంగ్లండోళ్ళకు ఇచ్చేసినమని చెప్పాల్నా?"

నేను వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాను. నిజం చెప్పి చూడలేదని కాదు. అంతకు ముందే జనగామలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర మొత్తం విప్పి చెప్పాను. పక్కాయనకు నవ్వుతో పొలమారింది. "మిరపకాయల పాటనట. మా అన్నకు కథలు యాడికెల్లి దొరుకుతయో" అని వీపు మీద చరిచాడు. నేను ఏది చెప్పినా నమ్మిన జనం ఆ ఒక్కటీ నమ్మలేదు.

అందుకే మేనల్లుడి పెళ్ళికి రమ్మని ఫోన్ చేసినప్పుడు దోస్తు వెంటనే ఒప్పుకోలేదు. "వస్త. గని మా యాడిని తీస్కొని వస్త. పాట ఎవలదో ఆమె ముంగట నువ్వు మైకుల చెప్పాలె. జనం నమ్మాలె."

"నమ్మకపోతె?"

"గది నీ పరేషాన్ అన్నా. ఆమెకు ఎనభై దాటినయ్. ఇంకెప్పుడు వింటది?"

పెళ్ళి నాడు ఎండ మండిపోతోంది. చర్చి నుంచి పెళ్ళికూతురి వాళ్ళింటికి పోయే రోడ్డు మీద షామియానా నీడలో వాళ్ళ యాడిని, మా అందరికీ అవ్వను, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాడు దోస్తు. సన్నటి మనిషి, మోచేతుల పైదాకా తెల్ల గాజులు. బావ గిటారు తీశాడు, నేను నూనె డబ్బా తీశాను, మేము ముగ్గురం అవ్వ పక్కకు చేరామో లేదో గుండ్రం మూసుకుంది. ఈసారి కుర్చీతో సహా.

మైకు తీసుకుని చెప్పాను. ఫోర్ పోల్స్ అనే వాళ్ళు ఎక్కడా లేరని, ఈ పాట ఈ అవ్వదని, ముప్పై ఏళ్ళు నేను అబద్ధమాడానని. తరవాత మేనల్లుడు పూలదండలోంచి తల బయటికి పెట్టి, "మామ కథ సురువు చేసిండు" అన్నాడు. గుండ్రమంతా పగలబడి నవ్వింది. నేను ఒట్టు పెట్టాను. నవ్వు పెరిగింది. మా అమ్మ మీద ఒట్టు పెడితే మా అక్క కూడా నవ్వింది. పక్కకు పోదామంటే సందు లేదు. దోస్తు నా వైపు చూస్తున్నాడు. అంతమంది ఎందుకు నవ్వుతున్నారో అందక, అవ్వ చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కొక్కరి మొహమూ చూస్తోంది. ఆ చూపు నా దాకా వచ్చేసరికి తల దించుకున్నాను.

దోస్తు నా చేతిలోంచి మైకు లాక్కోలేదు. కుర్చీ పక్కన రోడ్డు మీదే గొంతుక్కూర్చుని అవ్వ కోసమే పాడినట్టు పాడాడు. కూతలు, ఈలలు, టకటకలు. జనం ఊరుకుంటారా, అందుకున్నారు. దుమ్ము లేచింది. ఎప్పుడూ ఆపేచోట వాడు ఆపాడు, ఈలలు మోగాయి. అవ్వ వాడి భుజం మీద ఒక్కటి వేసింది.

"సగమే పాడినవేంది రా? పోరడు గట్లనే ఉండాల్నా?"

ఇంకేదో వాళ్ళ భాషలో గొణిగి, గొంతు సవరించుకుని, మిగిలిన సగం తాను ఎత్తుకుంది. దానికి దరువు లేదు. అందుకే మేము ఎన్నడో వదిలేశాం, వదిలేశామన్న సంగతి కూడా మరిచిపోయాం. ఆడేవాళ్ళ కాళ్ళు ఒక్కొక్కటీ ఆగాయి. బావ తీగల మీద అరచెయ్యి ఆనించాడు. నేను మైకు అవ్వ ముందు పట్టుకుని నిలబడ్డాను, నా బతుకులో మాట్లాడకుండా మైకు పట్టుకోవడం అదొక్కసారే. వంటల దగ్గర గిన్నెలు తోముతున్న ఆడవాళ్ళు ఇద్దరు చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, నెమ్మదిగా గొంతు కలిపారు.

దాని అర్థం దోస్తు చెబుతుంటే నేనూ అప్పుడే విన్నాను. మిరపకాయలు ఏరిన చేతులు మండుతాయి, ఆ చేతులతో పసివాణ్ని ముట్టుకోకూడదు. చేను గట్టున చీర ఉయ్యాలలో పిల్లవాడు ఏడుస్తుంటాడు. తల్లి సాళ్ళలోంచే కూస్తుంది, ఈల వేస్తుంది, నాలుక టకటకలాడిస్తుంది, ఊరుకోబెట్టడానికి. మేము ముప్పై ఏళ్ళు గంతులు వేయించింది దానికి. రెండో సగంలో ఆమె మజ్జిగతో చేతులు కడుక్కుని వచ్చి పిల్లవాణ్ని ఎత్తుకుంటుంది. ఆ పిల్లవాడు మైకులో అర్థం చెబుతున్నవాడే.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేము ఎన్నడూ పాడని సగం అవ్వ నోట వచ్చింది, ఇక ఎవరికి అనుమానం ఉంటుంది? మేనల్లుడు వచ్చి అవ్వ కాళ్ళు మొక్కాడు. నా గుండె తేలికపడింది, అరక్షణం. వాడు లేచి నా వైపు తిరిగి, "అంటె మామా, ఫోర్ పోల్స్ గాళ్ళు అవ్వ పాటను దొంగతనం చేసిన్రా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. ఎవరో కేసు వెయ్యాలన్నారు. "వాళ్ళు లేరు రా" అన్నాను. "అయ్యో, ఎప్పుడు పోయిన్రు?" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి, నిజంగా బాధపడి.

గొడవేమిటని అవ్వ అడిగితే దోస్తు చెవిలో చెప్పాడు. ఆమె కాస్త ఆలోచించి, "పోనీ తియ్. సగం తెల్సుకొని ఏం పాడుతరు వాళ్ళు. రమ్మను, మిగిలింది నేర్పుత" అంది. దోస్తు నవ్వాడు. ఎన్నేళ్ళకో. గుండ్రం దానంతట అదే విడిపోయి, కుర్చీకి దారి ఇచ్చింది.

ఆ నలుగురికీ ఇప్పుడు అరవై దగ్గరపడి ఉంటాయి, జుట్టు ఊడి ఉంటుంది. వాళ్ళను మానుకోట బస్సు ఎక్కించి అవ్వ ముందు కూర్చోబెట్టాలని నాకూ ఉంది. కాలం నా అబద్ధాన్ని ఎత్తుకుని ఊరూరా తిప్పి పెంచింది. నిజాన్ని మాత్రం గట్టు మీద ఉయ్యాలలో వేసి, నేను చేతులు కడుక్కుని వచ్చేదాకా ముప్పై ఏళ్ళు ఊరికే కూస్తూ ఉండిపోయింది.