నడిమి పేజీ వెనక కథ

మా నాయన నలభై ఐదేళ్ల వయసులో కుర్రాళ్లతో పంతానికి పోయి, వాలీబాల్ నెట్ దగ్గర ఎగిరి, దిగేటప్పుడు కాలు విరగ్గొట్టుకున్నాడు. తాటిచెట్టంత ఎత్తు ఎగిరాడని జూలూరుపాడు హోటళ్లలో నేను చెప్పుకొచ్చాను గానీ, నిజానికి మూరెడు ఎగిరి ఉంటాడు. ఖమ్మం దవాఖానాలో వేసిన సిమెంటు కట్టు మూడు నెలలకు విప్పారు. ఎముక అతుక్కుంది, ఇక నడవమన్నారు. నాయన మాత్రం కాలు కింద పెట్టలేదు. తిండి మంచం మీదే, గడ్డం గీసుకోవడం మంచం మీదే. భయమంటే ఒప్పుకోడు.

ఆయన్ని పలికించేది ఒక్కటే: పదిహేను రోజులకోసారి ఖమ్మం బస్టాండులో నేను కొనుక్కొచ్చే ఆటల పత్రిక. దాన్ని తయారుచేసేవాళ్లకు మా ఇల్లు తెలుసేమో, ఇంట్లో తలా ఒకటి పెట్టారేమో అనిపించేది. మెరిసే అట్ట మీద చెమట చుక్కలు కూడా కనబడేంత పెద్ద ముఖం. లోపల బరక కాగితం మీద మ్యాచుల ముచ్చట్లు, రాసినాయన మన పక్కనే కూచుని చూసినట్టు. చివర్లో పాఠకుల తగువులు. నాయన అక్కణ్ణుంచే మొదలుపెట్టేవాడు. చదువురాని అమ్మకు నడిమి పేజీ. పిన్నులు లేపితే ఊడొచ్చే రంగుల బొమ్మ. పత్రిక వచ్చిన పూటే మైదా ఉడికించి దాన్ని గోడకు అంటించేది. ఆలస్యమైతే, ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్లు ఇవ్వనట్టు బాధపడేది.

ఒకసారి అట్ట మీద మోకాలికి కట్టుతో ఒక ఆటగాడు కనబడ్డాడు. కాలు విరిగిన వాలీబాల్ ఆటగాడి కథ. నాయన గుక్క తిప్పుకోకుండా చదువుతూ పోయి ఒకచోట ఆగాడు. పేజీ ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. మిగతా కథ నడిమి పేజీ వెనక ఉంది. నడిమి పేజీ గోడకు ఉంది.

"ఏమే, నా కథ తీస్కపోయి గోడకు కొట్టినవా?"

"బొమ్మ ఎనక కథ రాస్తరని నాకేం తెల్సు? ఎప్పుడు జూసినా ఎనక సబ్బు బిళ్ల బొమ్మేనాయె," అంది అమ్మ.

నాయన నా వైపు తిరిగాడు. "బస్సుల చదివే ఉంటవ్ గదరా. వాడు మల్ల ఆడిండా?"

చదివాను. ఆడలేదు. ఆట వదిలేసి ఏదో ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయాడు.

"ఆడిండా అంటవేంది నాయినా! వాడు కొట్టిన మొదటి షాటుకే బాల్ పలిగింది. అవతలోళ్లు నెట్ ఇడిసి ఉరికిండ్రు."

"బాల్ పలిగిందా?"

"అవ్. రెండు బాల్స్."

"నీ కోతలు బజార్ల కొయ్యి, నా దగ్గర గాదు. మీ అమ్మ మీద ఒట్టెయ్."

"నడుమ నేనేం జేసిన? ఆ పుస్తకం మీదనే ఎయ్యమను," అంది అమ్మ.

నా అబద్ధాలకు నేనెన్నడూ సిగ్గుపడలేదు. ఆ రోజు మాత్రం ఒట్టు వెయ్యలేకపోయాను. రెండో బాల్ అనకుండా ఉండాల్సింది.

నాయన గోడ కేసి చూశాడు. మంచం పట్టె పట్టుకుని లేచాడు. అమ్మ చెయ్యి అందించబోతే వద్దన్నాడు. ఒక అడుగు వేసి, ఆగి, ఇంకొకటి వేశాడు. అమ్మ చూపు ఆయన కాలి మీద, నా చూపు ఆ కాగితం మీద. నాలుగో అడుగుకు గోడ అందింది. మైదా ఇంకా తడిగానే ఉంది. కింది మూల గోరుతో లేపి, వంగి, పెదాలు కదుపుతూ చదివాడు. చాలాసేపు చదివాడు.

"ఏం రాసిండ్రు?" అంది అమ్మ.

"బాల్ పలిగిందంట," అన్నాడు నాయన. "ఒకటే. వీడు రెండని కోస్తుండు."

లేచిన మూలను అరచేత్తో ఒత్తాడు. అది నిలవలేదు. ఇంకాస్త మైదా ఉంటే తెమ్మన్నాడు. అమ్మ గిన్నె తెచ్చేదాకా గోడకు ఆనుకోకుండానే నిలబడి ఉన్నాడు.