తేదీ మారని బంగారు గడియారం

మొన్న శుక్రవారం పొద్దున కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య నిలబడి ఫోన్ మాట్లాడటమంటే జాతరలో చెవిలో రహస్యం చెప్పించుకున్నట్టే. సగం వినపడలేదు. బయటికి వచ్చి, చెవుల్లో దూది తీసి, "మళ్ల చెప్పు తమ్మీ" అన్నాను.

"అబ్బా పోయిండన్నా. ఫజర్ నమాజుకు లేపితే లేవలే. జుమా అయినంక మట్టి."

మాట్లాడింది గడియారాల చిచ్చా కొడుకు. పోయింది చిచ్చా. నేను చేసిన మొదటి పని, టైం ఎంతైందోనని ఎడమచేతి మణికట్టు చూసుకోవడం. అక్కడ ఏమీ లేదు. పాతికేళ్లుగా లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే చిచ్చా గురించి చెప్పాలి, చిచ్చా గురించి చెప్పాలంటే నేను ఎంత భయస్తుణ్ణో కూడా మీకు చెప్పాల్సి వస్తుంది. సరే, యాభై దాటాక దాచుకోవడానికి ఇంకేముంది?

కోరుట్ల బస్టాండు ఎదురు గల్లీలో ఆయన దుకాణం. ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో ఉండాలి. గోడనిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైం చూపించేవి. "ఏది కరెక్టు చిచ్చా?" అని ఎవరైనా అడిగితే "నీకేది కావాల్నో గది తీస్కో" అనేవాడు. కంటికి పెట్టుకునే నల్ల భూతద్దాన్ని తియ్యకుండానే మనుషులతో మాట్లాడేవాడు. అందులోంచి మనం ఎంత పెద్దగా కనిపించేవాళ్లమో తెలియదు. మన భయం మాత్రం బాగా పెద్దగానే కనిపించి ఉంటుంది.

నేను మొదటిసారి ఆ దుకాణం మెట్టెక్కినప్పుడు నా వయసు ముప్పైకి ఒకటో రెండో తక్కువ. దుబాయి నుంచి వచ్చి కోరుట్లలో దిగి రెండు రోజులైంది. ఇంటికి మాత్రం చేరలేదు. అక్కడ కంపెనీ మూతపడితే బయటపడి దొంగచాటుగా కూలి చేశాను. అట్లా పనిచేసేవాళ్లను అక్కడ ఖల్లివెల్లి అంటారు. పోలీసు బండి చప్పుడైతే సిమెంటు బస్తాల వెనక దూరడం తప్ప రెండేళ్లలో నేను కొత్తగా నేర్చుకున్న విద్య లేదు. చివరికి అక్కడి సర్కారు క్షమించి పొమ్మంటే, వీసా ఇప్పించిన కఫీల్ దగ్గరే పాస్‌పోర్టు వదిలేసి, ఔట్‌పాస్ అనే తెల్ల కాగితం పట్టుకుని బొంబాయిలో దిగాను.

ఇంటికి రాసిన ఉత్తరాల్లో నేను ఫోర్‌మన్‌ను. ఇంకో రెండు ఉత్తరాలు రాసి ఉంటే మేనేజర్నయ్యేవాణ్ణి.

కోరుట్ల నుంచి రుద్రంగి పక్కన మా ఊరికి బస్సులో గంటన్నర. ఆ బస్సు రెండు రోజుల్లో తొమ్మిదిసార్లు నా కళ్లముందు పోయింది. ఎక్కలేకపోయాను. మా దిక్కు దుబాయి నుంచి వచ్చినవాణ్ణి ముందు మణికట్టు దగ్గర చూస్తారు, తర్వాతే మొఖం చూస్తారు. అక్కడ బంగారు గడియారం లేకపోతే మొఖం దాకా రారు, నేరుగా వెనక్కి తిరిగి ఊరంతా చెప్పడానికి పోతారు. మా అమ్మ ఆ ఊళ్లోనే నీళ్లకు పోవాలి, ఆ ఊళ్లోనే నాట్లకు పోవాలి. రెండో రోజు మధ్యాహ్నం, సాయంత్రం పోయే బొంబాయి బస్సుకు టికెట్ కొన్నాను. బొంబాయి పక్కన భీవండిలో మావాళ్ల గదుల్లో ఎక్కడో ఇంత చోటు దొరుకుతుంది. ఇంట్లో నేను దుబాయిలోనే ఉన్నాననుకుంటారు. అట్లా పోయినవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ రాలేదు.

బస్సుకు నాలుగు గంటలుంది. చిచ్చా దుకాణం అద్దం మీద 'వాడిన బంగారు గడియారాలు' అని రాసి ఉంది. చవకగా ఒకటి దొరికితే ఇంటికే పోవచ్చేమో అనుకున్నాను.

"బంగారు గడియారం చూపియ్యి చిచ్చా. వాడిందైనా పర్వాలే."

"ఎన్ని రోజులకు?"

"కొంట చిచ్చా."

"అదే అడుగుతున్న. ఎన్ని రోజులకు కొంటవ్?"

ఆయన పచ్చ గుడ్డ పరిచి మూడు గడియారాలు పెట్టాడు. ఒకటి పెళ్లికొడుకులా మెరుస్తోంది. ఇంకోదాని చుట్టూ రాళ్లు. మూడోది చిన్నది, మసకగా, ముసలాయన పన్నులా ఉంది. నా చెయ్యి మెరిసేదాని మీదికి పోయింది.

"గది ముట్టకు. నాలుగు రోజులల్ల చెమటకు అసలు రంగు బయటపడ్తది." నా దిక్కు చూసి "నీ తీరుగనే" అన్నాడు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన మాత్రం వంటల గురించి చెప్పినంత తాపీగా గడియారాన్ని ఎట్లా ఎంచుకోవాలో చెప్పడం మొదలుపెట్టాడు. మెరుపు చూడొద్దంట, పట్టీ వచ్చి కలిసే మూలలు చూడాలంట. పూతైతే రాపిడికి అక్కడే ఇత్తడి బయటపడుతుంది. మూత తీసి లోపలి ముద్ర చూడాలి. అరచేతిలో పెట్టి కళ్లు మూసుకోవాలి. "అసలు బంగారం చెయ్యిని కిందికి గుంజుతది బేటా. ఉత్తగ ఉండనియ్యది." మూడో గడియారాన్ని నా అరచేతిలో పెట్టాడు. నిజమే, గుంజింది.

"ఇది పరదేశంది. ఒక షేక్ తన డ్రైవర్‌కు ఇచ్చిండు. మన కోరుట్లాయనే. ఆయన శవమై డబ్బల అచ్చిండు. చేతికి ఇది నడుస్తనే ఉండె."

నేను దాన్ని గుడ్డ మీద పెట్టేశాను. వేళ్లను ప్యాంటుకు తుడుచుకున్నాను.

"భయమైతుందా?"

"కాదా మరి?"

"ఆయనసుంటోడే ఇంటికి అచ్చిండు బేటా. నీకు కాళ్లున్నయ్ గదా."

ఆ డ్రైవర్ భార్య దగ్గర దాన్ని తనే కొన్నానని, ఎవరికీ అమ్మలేదని చిచ్చా చెప్పాడు. ఇస్తాడు, తీసుకుంటాడు. దుబాయి నుంచి ఉత్త చేతులతో వచ్చినవాళ్లు లీవున్నన్ని రోజులు కట్టుకుని తిరిగి తెచ్చిస్తారు. పట్టీ ఒక్కటి మారుస్తాడు, ఊరికి ఊరికి గుర్తుపట్టకుండా. తేదీ మాత్రం పదిహేడు దగ్గర ఆగిపోయింది.

"బాగుచెయ్యరాదా?"

"వస్తది. గని ఎందుకు? తేదీ తిరిగితే లీవ్ అయిపోయేది యాదికొస్తది."

నా మణికట్టును పట్టుకుని భూతద్దంలోంచి చూశాడు. "గడియారం కట్టినోనికి గీడ తెల్లగ పట్టీ పడ్తది. నీకు అంత ఒక్కటే రంగు. ఊళ్లె స్నానం చేసినా తియ్యకు, పండుకున్నా తియ్యకు. తీస్తే దొరుకుతవ్. సరే, పాస్‌పోర్ట్ ఇటియ్యి. తెచ్చినప్పుడు ఇస్త."

"అక్కడ కఫీల్ గుంజుకున్నడు, ఇక్కడ నువ్వా?" అని నవ్వబోయాను. నవ్వు రాలేదు. పాస్‌పోర్టు లేదు.

ఆయనకు అర్థమైంది. నా చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న కాగితాన్ని రెండు వేళ్లతో లాగాడు. బొంబాయి టికెట్. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"గిది పెడుతున్న" అని రేకు డబ్బాలో వేసి మూత పెట్టాడు.

పది నిమిషాల తర్వాత నేను రుద్రంగి బస్సులో ఉన్నాను.

ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే సిమెంటు బస్తాల వెనకే హాయిగా ఉండేదనిపిస్తుంది. పొద్దును చూసి బతికే మా ఊరికి ఒక్కసారిగా గడియారంతో పనిపడింది. చిన్నా పెద్దా అందరూ "టైమెంతాయె?" అనేవాళ్లే. చెయ్యి ఎత్తితే ఆగిన తేదీ కనిపిస్తుందేమోనని నేను దాన్ని జేబులో పెట్టుకునే, పొద్దును చూసి చెప్పేవాణ్ణి. బంగారం పనిచేసే అవుసలాయన ఊరికే ఉండలేక "ఏదీ, ఒకపారి గీటు పెట్టి సూత్తా" అన్నాడు. నా చేతికి ఉండగానే గడియారం అంచుకు గీటురాయి రుద్ది, దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "అసలుదే" అని ఊరంతా వినేటట్టు చెప్పాడు. ఆ రోజు మా ఇంట్లో అసలుది అదొక్కటే.

రుద్రంగిలో ఒక పెళ్లికి పోయాను. భోజనాల దగ్గర ఎదుటి వరుసలో ఒకాయన అన్నం కలపడం ఆపి నా చెయ్యి చూస్తున్నాడు. కంగారులో ఏ చెయ్యి దాచాలో తెలియక నేను చెయ్యి మార్చి తిన్నాను. అంటే గడియారమున్న ఎడమ చేత్తో. పెళ్లి భోజనం ఎడమ చేత్తో తిన్న ఫోర్‌మన్‌ను రుద్రంగివాళ్లు అప్పటికి చూసి ఉండరు. చేతులు కడుక్కునే దగ్గర ఆయన నా పక్కకే వచ్చి నిలబడ్డాడు. ముక్కూ మొఖం తెలియని మనిషి.

"తేదీ ఇంక పదిహేడు కాడనే ఉన్నదా?" అన్నాడు మెల్లగా.

చెంబు జారి కిందపడింది. ఆయన దాన్ని తీసి, నీళ్లు నింపి నా చేతికిచ్చాడు. "నేను నెల కట్టిన. జర స్నానం కాడ పైలం, నీళ్లు పోతయ్" అని చెప్పి పాన్ తీసుకుని వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక రెండు రోజులు గడప దాటలేదు. ఆయన ఒక్కడేనా, ఇంకెందరున్నారు? వాళ్లలో ఎవరికి నోరు ఆగదు? గేదె మెడలో గంట చప్పుడైనా ఉలిక్కిపడుతున్నాను. మూడో పొద్దున అమ్మ నా ముందు కంచం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"కొడుకా, గది ఎవలదో వాళ్లకు ఇచ్చెయ్యి."

"ఏది?"

"చేతికున్నది. గది కట్టుకున్న కాడికెల్లి నువ్వు సగం బుక్క గూడ తింటలెవ్వు. సగం నిద్ర గూడ పోతలెవ్వు."

"నాదేనే అవ్వా."

"నీదైతే నిద్రల గట్టిగ పట్టుకుంటవా?" కంచం నా ముందుకు జరిపింది. "నువ్వు ఉత్తగనే అచ్చినవని మొదటిరోజే తెలిసె. నువ్వు అచ్చినవ్ గదా అనుకున్న. తిను."

తిన్నాను. కుడి చేత్తోనే, చాలా రోజుల తర్వాత కడుపు నిండా.

మర్నాడు కోరుట్ల పోయి గడియారం చిచ్చా చేతిలో పెట్టాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "నీకన్న ఇదే మంచిగున్నది" అన్నాడు. రేకు డబ్బా తీసి "టికెట్ కావాల్నా?" అని అడిగాడు.

"ఉండనీ చిచ్చా, నీ దగ్గరనే."

తర్వాత మా మేనమామ సిరిసిల్లలో మగ్గాల పని ఇప్పించాడు. అక్కడా భయం ఉంది. మగ్గాలు ఆగినప్పుడు ఊరికి ఊరే నిశ్శబ్దమైపోతుంది, ఎవరింట్లోంచి ఏ చావు కబురు వస్తుందోనని చెవులొగ్గి కూర్చోవాలి. అట్లాంటి రోజుల్లో ఏదో ఒక సాకుతో కోరుట్ల పోయేవాణ్ణి. చిచ్చా నా మొఖం చూడగానే రేకు డబ్బాను వేళ్లతో కొట్టి "నీ బస్సు ఇంక పోలే బేటా. టికెట్ ఉన్నది. ఎక్కుతవా?" అనేవాడు. "ఇయ్యాల సీటు మంచిగ లేదు చిచ్చా" అనేవాణ్ణి నేను. చాయ్ తాగి ఇంటికి వచ్చేవాణ్ణి. ఇన్నేళ్లలో మేం మాట్లాడుకున్నది అంతకంటే పెద్దగా ఏమీ లేదు.

శుక్రవారం ఖబరస్తాన్‌లో జనం చాలామందే ఉన్నారు. జగిత్యాల దిక్కు నుంచి, మెట్‌పల్లి దిక్కు నుంచి, నా ఈడువాళ్లు, ఒకరికొకరు తెలియనివాళ్లు. పిడికెడు మట్టి వేసి వచ్చి నిలబడ్డాక చూస్తే, మేమందరం ఒకరి ఎడమచేతిని ఒకరు చూసుకుంటున్నాం. ఎవరి చేతికీ ఏమీ లేదు. పెళ్లిలో చెంబు అందించినాయన తల నెరిసిపోయి, గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఇద్దరం తలలూపుకున్నాం.

తర్వాత దుకాణం దగ్గర చిచ్చా కొడుకు సగం షట్టర్ ఎత్తి రేకు డబ్బా తీశాడు. పైన మసక గడియారం, పదిహేడు. దాని కింద మడత పెట్టిన కాగితం. విప్పి చూశాను. అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఏ ఊరికి పోతుందో, ఏ రోజుదో, ఏమీ లేదు.

జేబులో పెట్టుకోబోతే ఆ అబ్బాయి మెల్లగా నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఏమనుకోకన్నా. అబ్బా చెప్పిండు. నువ్వొస్తే చూపియ్యుమన్నడు. ఇయ్యద్దన్నడు." మళ్లీ మడిచి గడియారం కింద పెట్టి మూత వేశాడు.

బస్టాండుకు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బొంబాయి బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. క్లీనర్ తలుపు కొడుతూ పిలుస్తున్నాడు. కిటికీల్లో మెడకు తువ్వాలలు చుట్టుకున్న మొఖాలు. ఇన్నేళ్లకు కూడా స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. అది గేటు దాటి, మలుపు తిరిగి, వెనక ఎర్ర దీపాలు దుమ్ములో కలిసిపోయేదాకా అట్లాగే నిలబడి, తర్వాత రుద్రంగి మీదుగా సిరిసిల్ల పోయే బస్సు ఎక్కాను.