కోటేష్ కూత ఆగిన చోటు

వినుకొండ బస్టాండు నుంచి మార్కెట్ యార్డుకు వెళ్లే దారిలో రంజాన్ సైకిల్ షాపు ఉంది. రంజాన్‌కి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఆటలాడే యోగం లేదు. కానీ కబడ్డీ అంటే పడిచచ్చేవాడు. ఊళ్లో కుర్రాళ్లు కొండకు దిగువన, పాత పత్తి గోడౌను పక్కనున్న ఖాళీ స్థలంలో ఆడేవాళ్లు. అందుకని వాళ్లని జనం కొండకింద జట్టు అనేవాళ్లు. ఆ జట్టు దర్శిలో ఆడినా, మార్కాపురంలో ఆడినా రంజాన్ షాపుకు తాళం వేసి, ఏ లారీవాణ్ణో బతిమాలుకుని వెళ్లిపోయేవాడు. "నన్ను చూసుకోడానికి వచ్చిన రోజు కూడా మా ఆయన గోడ మీది గడియారాన్నే చూశాడు, ఆట మొదలైపోతుందని" అని భార్య నసీమున్నీసా అందరికీ చెప్పి నవ్వేది.

ఆ జట్టుకి ప్రాణం కోటేష్. పక్క పల్లె నుంచి సైకిలు మీద వచ్చేవాడు. తండ్రి అంకమ్మరావు పత్తి రైతు. కోటేష్ సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. బనీను వేసుకుని నిలబడితే వీడా ఆడేది అనిపించేది. గీత దాటి కూతకు వెళ్లాడంటే మాత్రం మైదానమంతా నోరు మూసుకునేది. మిగతావాళ్ల కూత అరుపులా ఉంటే, కోటేష్ కూత సన్నగా, ఒకే తీరుగా, వాడి ఊపిరికి అంతు లేనట్టు సాగేది. అవతలివాళ్లు నలుగురూ మీద పడినా వాళ్ల చేతుల్లో బనీను పీలికలే మిగిలేవి. వాడు వచ్చి గీత మీద వాలేవాడు.

తొంభై ఎనిమిది మొదట్లో, చలి ఇంకా ఉన్న రోజుల్లో, కొండకింద జట్టుకీ దర్శి జట్టుకీ ఫైనల్ పడింది. ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పట్టింది. ఎన్ని మందులు మార్చి కొట్టినా పురుగు చావలేదు. పల్నాడంతా మందు వాసనే. మనుషుల చొక్కాలకీ, బస్సు సీట్లకీ, చివరికి టీ గ్లాసులకీ అదే వాసన. కొన్నాళ్లకి ముక్కులు అలవాటుపడిపోయి, ఎవరూ దాన్ని పట్టించుకోవడం మానేశారు.

ఆ సాయంత్రం రంజాన్ గోడౌను గోడ దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి అంకమ్మరావు వచ్చి అతని పక్కనే గోడకి ఆనుకుని చతికిలబడ్డాడు. కొడుకు ఆటకి ఆయన ఎప్పుడూ వచ్చినవాడు కాదు. దగ్గరికి రాగానే మందు వాసన గుప్పుమంది.

"ఏందన్నా, మందు కొట్టి అటునుంచి అటే వచ్చేశావా?" అన్నాడు రంజాన్.

"ఆఁ" అన్నాడు అంకమ్మరావు. "మావాడి ఆట ఎప్పుడూ చూళ్లేదు తమ్ముడూ. చూద్దామని."

"మంచి రోజు వచ్చావు. చూడు మరి, ఎట్టాడతాడో!"

ఇంతే వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది. తర్వాత ఆట రంజుగా మారింది. రంజాన్ కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు. ఇక పక్కకి తిరిగి చూడలేదు.

చివరి కూతకు కోటేష్ వెళ్లాడు. వాడు గీత దాటి అవతలికి వెళ్తే ఎదురుగా కనిపించేది గోడౌను గోడే. వెళుతూ వెళుతూ వాడి కళ్లు ఒక్కసారి గోడ వైపు పోయాయి. అక్కడ తండ్రి పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. కోటేష్ కూత ఆపలేదు. ఇద్దర్ని తాకి, ఒకణ్ణి ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద పడ్డాడు. కొండకింద జట్టు గెలిచింది.

జనం మైదానంలోకి దూసుకొచ్చారు. కోటేష్ లేచి గోడ వైపు పరిగెత్తబోతుంటే పట్టుకుని భుజాల మీదికి ఎత్తేశారు. "దించండి! దించండయ్యా!" అని అరిచాడు వాడు. మైకులో గురునాథం మాస్టారు వాడి పేరే పలుకుతున్నారు. డప్పులు మోగుతున్నాయి. వాడు సిగ్గుపడుతున్నాడనుకుని జనం ఇంకా పైకి ఎత్తారు. మైదానం చుట్టూ తిప్పారు. కర్ర పైకెత్తి కేకలేసినవాళ్లలో రంజాన్ కూడా ఉన్నాడు. కోటేష్ ఏడుస్తూ, ఎవరిదో జుట్టు పట్టుకుని లాగి కిందికి దూకేసరికి అంకమ్మరావు నోటి వెంట నురగ కారుతోంది. అంతకుముందే ఎవరో ఆయన్ని చూసి, "మందు ఎక్కువైనట్టుంది, పడుకోనీండి" అని పక్కకి జరిగారట. వాళ్లన్నది సారా సంగతి. ఆయన తాగింది పురుగుల మందు. జీపులో ఎక్కించారు గానీ ఆస్పత్రి దాకా కూడా నిలవలేదు.

పెద్దకర్మ అయ్యాక కొన్ని నెలలకు కోటేష్ మళ్లీ ఆటకొచ్చాడు. అదే ఊపిరి, అదే ఒడుపు. పక్క ఊళ్లలో బాగానే ఆడేవాడు. సొంత మైదానంలో మాత్రం, గీత దాటి నాలుగడుగులు వేసి ఆగిపోయేవాడు. కూత ఆగేది కాదు. మనిషే ఆగేవాడు. కబడ్డీ కబడ్డీ అంటూ, గోడ వైపు చూస్తూ నిలబడిపోయేవాడు. అవతలివాళ్లు మొదట భయపడేవాళ్లు, ఇదేదో ఎత్తు అనుకుని. తర్వాత తెలిసిపోయింది. మెల్లిగా వచ్చి, నిద్రపోతున్నవాణ్ణి ఎత్తుకున్నట్టు పట్టేసుకునేవాళ్లు. జట్టు వరసగా ఓడింది. కోటేష్ తాగుతున్నాడని, ఒకసారి ఆటకి కూడా తాగి వచ్చాడని ఊరంతా చెప్పుకుంది. అందులో అబద్ధం లేదు.

రెండువేల సంవత్సరంలో మంగళగిరి నుంచి ఒక జట్టువాళ్లు కోటేష్‌ని అడిగారు. తమ దగ్గర ఆడితే ఉండటానికి గది, మగ్గాల షెడ్డులో పని చూపిస్తామన్నారు. ఆ కబురు రాగానే వినుకొండలో పెద్ద రభస మొదలైంది. రభసంతా రంజాన్ షాపు ముందే. అది మిరపకాయలు యార్డుకొచ్చే కాలం. ట్రాక్టర్లు దిగిన రైతులు దగ్గుతూ, తుమ్ముతూనే వాదించుకునేవాళ్లు.

అందరికంటే పెద్ద గొంతు బాపయ్యది. పత్తీ, మిరపా పండిస్తాడు, పట్టరాని కోపిష్టి. "పోనీరా! పీడ విరగడైపోద్ది. వాణ్ణి నమ్ముకుని ఇంకెన్నాళ్లు ఓడదాం? కూతకెళ్లి గోడల్ని చూసేవాడు మనకెందుకు?"

"అట్లా అనకు బాపయ్యా" అన్నారు గురునాథం మాస్టారు. ఆయన హైస్కూల్లో తెలుగు చెప్పేవారు, ఆటలకు మైకు పట్టేవారు. "వాడు ఇక్కడి పిల్లాడు. కష్టంలో ఉన్నాడని పరాయి ఊరికి వదిలేస్తామా? వాడు పోతే ఇక జట్టేముంది?"

"కష్టమెవరికి లేదండీ మాస్టారూ? నా పత్తి పోలేదా? నేను ఆగిపోయానా?"

"నువ్వు కూతకెళ్లావా ఏంది ఆగడానికి!" అన్నాడు రంజాన్. నలుగురూ నవ్వారు. రంజాన్ మాత్రం నవ్వలేదు. "వాడు పోకూడదు బావా. ఇక్కడే బాగుపడాలి. మనమే బాగుచేసుకోవాలి."

"ఏం బాగుచేస్తావురా? సైకిలనుకున్నావా, పంచరేయడానికి? మందు తాగి ఆటకొస్తున్నాడు వాడు. మందు!"

ఆ మాట అని బాపయ్యే గతుక్కుమన్నాడు. ఎందుకంటే అప్పటికే కోటేష్ సైకిలు నడిపించుకుంటూ వచ్చి వాళ్ల వెనకాల నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

కోటేష్ సైకిలుకి స్టాండు వేశాడు. "తాగినప్పుడు మా నాన్న కనపడడు బాబాయ్" అన్నాడు బాపయ్యతో, మెల్లిగా. "తాగకపోతేనే కనపడతాడు. ఆ గోడ దగ్గరే కూర్చునుంటాడు. వెళదామంటే గీత ఉంది కదా. కూత ఆపి వెళ్తే అవుటంటారు. అందుకే నిలబడిపోతా."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఒరేయ్ నాయనా, మందిలో ఉంటే మర్చిపోతావురా. అక్కడ నీకెవరున్నారు? ఇక్కడి జనం నిన్ను భుజాల మీద మోసినవాళ్లు."

కోటేష్ ఆయన వంక చూశాడు. "దించమన్నాను మాస్టారూ" అన్నాడు. "ఎంతమందిని అడిగానో. ఒక్కళ్లకీ వినపడలేదు."

కోపంగా అన్నా బాగుండేది. వాడు మామూలుగానే అన్నాడు. తర్వాత రంజాన్ వైపు తిరిగి, వెనక టైరులో గాలి తక్కువైంది చూడమన్నాడు. రంజాన్ పంపు తెచ్చాడు. గాలి కొట్టి, టైరు నొక్కి చూశాడు. ఆ వారంలోనే కోటేష్ మంగళగిరి వెళ్లిపోయాడు. ఎవరూ వద్దనలేదు.

మరుసటి ఏడాది మంగళగిరి జట్టు గుంటూరులో ఆడుతోందని తెలిసి, వీళ్లంతా మిరప లారీ మీద బయలుదేరారు. కోటేష్ కూతకొచ్చాడు. ఆగలేదు. ఎక్కడా ఆగలేదు. మెరుపులా వెళ్లి మెరుపులా వచ్చాడు. చుట్టూ కొత్త ఊరివాళ్లు, కొత్త గొంతులు, వాడి పేరే అరుస్తున్నారు.

"చూశావా?" అన్నాడు బాపయ్య పళ్లు నూరుతూ. "ఇక్కడ ఆగట్లేదు. ఇన్నాళ్లూ మన కొంప ముంచడానికే వేషాలేశాడు!"

"ఊరుకో బావా" అన్నాడు రంజాన్. వాణ్ణి వినుకొండలో ఉంచాలని తను ఎంతగా పోట్లాడాడో గుర్తొచ్చింది. తిరుగు ప్రయాణంలో ఖాళీ గోతాల మీద ముఖం పక్కకి తిప్పుకుని కూర్చున్నాడు. మిరప ఘాటుకి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయని మిగతావాళ్లు అనుకున్నారు.

కోటేష్ లేని కొండకింద జట్టు రెండేళ్లు కూడా నిలవలేదు. కుర్రాళ్లు క్రికెట్లో పడ్డారు. మైదానంలో తుమ్మ మొలిచింది. గోడౌను మాత్రం అలాగే ఉంది. రంజాన్‌కి మాత్రం ఒకటి మొదలైంది. పొద్దు వాలే వేళ, షాపు ముందున్న బల్ల మీద ఎవరో వచ్చి కూర్చున్నట్టు ఉండేది. ముందు వాసన వచ్చేది. పత్తి మందు వాసన. తల తిప్పితే అంకమ్మరావు, అదే చొక్కాతో, రోడ్డు వైపు చూస్తూ కనిపించేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఏదైనా సైకిలు వచ్చి ఆగితే ఇక ఉండేవాడు కాదు. రంజాన్ ఎవరికీ చెప్పలేదు. నసీమున్నీసాకి కూడా చెప్పలేదు. ఆ బల్ల మీద సామాన్లు పెట్టడం మాత్రం మానేశాడు.

రెండువేల ఆరులో, తొలి ఏకాదశి తిరునాళ్ల రోజున, జనమంతా కొండెక్కి దిగుతున్న వేళ కోటేష్ షాపుకొచ్చాడు. ఒళ్లు చేసింది. ఆట మానేశాడు. పెళ్లయింది, షెడ్డులో మేస్త్రీ అయ్యాడు. తాగుడు మంగళగిరి వెళ్లిన మొదట్లోనే పోయిందన్నాడు.

"ఇప్పుడే గోడ దగ్గరికి వెళ్లొచ్చా బాబాయ్" అన్నాడు బల్ల మీద కూర్చుని. "లేడు."

"మంచిదేగా నాయనా."

"మంచిదేనంటావా?" కోటేష్ చేతులు చూసుకున్నాడు. "అక్కడికి వెళ్లాక ఒక్కసారీ రాలేదు. మొదట హాయిగానే ఉంది. తర్వాత తర్వాత ఆట మధ్యలో నేనే వెతికేవాణ్ణి, ఏ గోడ దగ్గరన్నా ఉన్నాడేమోనని. వినుకొండ దాటి ఎప్పుడూ పోలేదు కదా ఆయన. బస్సు తెలీదేమో. ఇక్కడైనా ఉంటాడనుకున్నా. ఆయన్ని ఒక్కణ్ణీ వదిలేసి పోయానని..."

రంజాన్ చేతిలోని పానా పక్కన పెట్టాడు. చెప్పాలా వద్దా అని చాలాసేపు తన్నుకులాడాడు. చివరికి నేల చూస్తూ అన్నాడు.

"నా దగ్గరికి వస్తున్నాడురా."

కోటేష్ తలెత్తాడు. నమ్మలేనట్టు చూడలేదు. "ఎక్కడ?"

"నువ్వు కూర్చున్న చోటే. పొద్దు వాలాక."

"ఏమన్నా అంటాడా?"

"ఏమీ అనడు. ఆ రోజు నాకు ముక్కుకి తగిలిందిరా కోటేషూ. మందు కొట్టొచ్చావా అన్నాను, ఆఁ అన్నాడు. నేను ఆట వైపు తిరిగాను. మళ్లీ తిరిగి చూస్తే..."

"నేను చూశాను బాబాయ్, కూతలో ఉండగానే చూశాను" అన్నాడు కోటేష్. "చూసి కూడా ముందు ఇద్దర్ని తాకాను. ఆ తర్వాతే వచ్చాను." అని, బల్ల మీద ఇంకొకరికి చోటు వదిలి ఒక పక్కకి జరిగాడు.

తిరునాళ్ల జనంతో మంగళగిరి వైపు వెళ్లే బస్సు ఒకటి కదిలిపోయింది. కోటేష్ లేవలేదు. అటుగా వచ్చిన బాపయ్య వాణ్ణి గుర్తుపట్టి, "ఏరా, నువ్వప్పుడు పోకుండా ఉంటే మన జట్టు ఏ స్థాయిలో ఉండేదిరా!" అని మళ్లీ మొదలుపెట్టాడు. ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పకపోయేసరికి గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కొండ మీద దీపాలు వెలిగాయి. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ అలాగే కూర్చున్నారు.