రెండు ఎర్ర మరలు, ఒక కుర్చీ

1961లో నెల్లూరులోని ఒక రేడియో దుకాణంలో మెకానిక్‌గా చేరాను. మరుసటి వేసవిలో విడవలూరులో ఒక రేడియోగ్రాము అమర్చే పని నాకు అప్పగించారు. ఫిర్యాదు రాకుండా ఆ పని పూర్తయితే నన్ను సర్వీస్ ఇన్‌చార్జిని చేస్తామని మా యజమాని మాటిచ్చారు. ఫిర్యాదు రానే వచ్చింది. రాసింది నేనే.

రేడియోగ్రాము అంటే ఈ కాలం వాళ్లకు తెలియకపోవచ్చు. రేడియో, రికార్డు ప్లేయరు రెండూ ఒకే చెక్క పెట్టెలో ఉండేవి. కలిగిన ఇళ్లలో అది యంత్రంలా కనపడకూడదు. విడవలూరు రైతు కోటారెడ్డి గారి భార్య కాంతమ్మ గారు, తమ హాల్లోని పాతకాలపు టేకు బీరువాకు అది జతగా ఉండాలన్నారు. లోపలి సామాను మద్రాసు నుంచి తెప్పించాం. పెట్టె మాత్రం కోవూరు వడ్రంగి వీరాచారి చేశాడు. సింహం పాదాల్లాంటి కాళ్లు, తలుపుల మీద తీగల చెక్కడం, ఇత్తడి పిడులు. తలుపులు మూస్తే లోపల పాట ఉందని ఎవరూ అనుకోరు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

దుకాణంలోనే అన్నీ బిగించి, పెట్టెను వ్యానులో పెన్న దాటించాం. వీరాచారి కూడా వచ్చాడు. పని ముగించిన మేస్త్రిని కుర్చీలో కూర్చోబెట్టి పంచె, తాంబూలం ఇవ్వడం ఆ ఇంటి ఆచారం. ఇచ్చారు. నాకు మజ్జిగ ఇచ్చి, నీళ్లకుండ దించి దాని ముక్కాలిపీట చూపించారు.

"దీని మీద కూర్చో అబ్బయా, నీకు చేతికందేటట్టు ఉంటాది" అన్నారు కాంతమ్మ గారు.

కుండ స్థానంలో కూర్చుని రికార్డు పెట్టాను. సన్నగా పెడితే బాగానే పాడింది. సౌండు సగం దాటగానే ఊళ మొదలైంది. మా వృత్తిలో దీన్ని హౌలింగ్ అంటారు. స్పీకరు అదురు చెక్క గుండా రికార్డు మీది సూదికి చేరుతుంది. సూది దాన్ని మళ్లీ స్పీకరుకే పంపుతుంది. అలా తిరిగి తిరిగి పెరిగిపోతుంది.

"చెక్క పచ్చిది. అదే అరుస్తోంది" అని పీట మీద నుంచే తీర్పు చెప్పాను.

"ఆరేళ్లు ఆరబెట్టిన టేకు అబ్బయా. అది అరవదు. నువ్వు లోపల పెట్టిందేదో అరస్తా ఉండాది" అన్నాడు వీరాచారి, పంచె మడత చెడకుండా ఒళ్లో పెట్టుకుని.

ఆ సాయంత్రమే మా యజమానికి మూడు పేజీల ఫిర్యాదు రాసిచ్చాను. ఆ వడ్రంగికి ఇక పని ఇవ్వరాదని చివర సిఫారసు కూడా చేశాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని అంతా చదివారు.

"ఊళ గురించి నాలుగు లైన్లుండాయి. మిగతాదంతా కుర్చీ గురించి గదయ్యా" అన్నారు.

ఫిర్యాదు చేసినవాడు అవతలివాళ్ల ఎదుటే మళ్లీ పరీక్షించి చూపాలన్నది మా దుకాణం పద్ధతి. అయిదో రోజున యజమాని, వీరాచారి, నేను విడవలూరు వెళ్లాం. కాంతమ్మ గారు కుర్చీ తెచ్చి నా ముందు వేశారు. యజమాని ముందే చెప్పినట్టున్నారు. కూర్చున్నాను.

వీరాచారి పెట్టె పైమూత ఎత్తి వంగి చూశాడు. ప్లేయరు పలక మీద ఎర్రరంగు పూసిన రెండు మరలు చూపించాడు.

"ఇవి నేను పెట్టినవి గావు. ఎందుకుండాయి?"

అడిగింది వడ్రంగి కాబట్టి కాస్త పైనుంచే వివరించాను. ప్లేయరు స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. చెక్క అదురును సూదికి చేరకుండా ఆపేవి ఆ స్ప్రింగులే. ప్రయాణంలో ప్లేయరు ఊగి దెబ్బతినకుండా ఈ రెండు మరలూ బిగిస్తాం, ఇల్లు చేరగానే వీటిని...

అక్కడ ఆగిపోయాను.

"ఇల్లు చేరి అయిదు దినాలాయె గదా నాయనా" అన్నారు కాంతమ్మ గారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు.

దుకాణంలో ఆ మరలు బిగించింది నేనే. ఇక్కడికొచ్చాక వదులు చేయవలసిందీ నేనే. ఆ సమయంలో నేను వీరాచారి పంచెకు అంచు ఎంత వెడల్పుందో చూస్తున్నాను.

కుర్చీలోంచి లేచి స్క్రూడ్రైవరు తీశాను. రెండు నిమిషాల పని. సౌండు చివరిదాకా తిప్పినా ఊళ లేదు. తలుపు మీద పడిన నా వేలిముద్రలను వీరాచారి తన తుండుతో తుడిచాడు. అది కూడా నాకు గుర్తుంది.

ఇన్‌చార్జి పదవి వేరొకరికి వెళ్లింది. నా వంతు మూడేళ్ల తర్వాత వచ్చింది. ఈలోగా యజమాని మా పని కార్డులో "ప్రయాణపు మరలు వదులు చేయడమైనది" అనే లైను కొత్తగా అచ్చు వేయించారు. దాని కింద మెకానిక్ సంతకం చేయాలి. ఆ లైను ఎవరి వల్ల వచ్చిందో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే చెప్పేవారు.

ముక్కాలిపీట విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. కానీ ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా ముందు ఆ రెండు మరలూ వదులు చేసి, అప్పుడే నన్నెక్కడ కూర్చోమన్నారో చూసుకునేవాణ్ణి.